మూడు చోట్లా ముప్పై

పోయిన నెల కమలాపురం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఆయన కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. కర్నూలులో ఒక పాత మేడ, రెండో అంతస్తు, మధ్యాహ్నం నుంచి పడమటి ఎండ నేరుగా కంప్యూటర్ తెర మీద పడే గది. ఎనిమిదేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నది నేనే. అయినా ఇప్పటికీ ‘ఆయన కుర్చీ’ అనే అంటాను.

ఫోన్‌లో ఆయన భార్య. “పాపా, మీ సారు పొయినాడు” అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆఫీసులో ఆ పేరుతో పిలిచినవాళ్లూ తక్కువే. అందరం ‘టేబుల్ సార్’ అనేవాళ్లం. మాది సర్వేలు చేసిపెట్టే చిన్న ఆఫీసు. నాలాంటి పిల్లలం ఊళ్ల మీద పడి ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపుకొస్తే, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి పట్టికలు తీసేది ఆయన. పట్టికలు తీసే సారు కాబట్టి టేబుల్ సారు. యాభై దాటిన మనిషి. లావు. మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఆయాసంతో మాట వచ్చేది కాదు. గుండెకు ఒకసారి స్టెంటు వేశారు. అందుకని ఆయన్ను ఊళ్లకు పంపేవాళ్లు కాదు. జుట్టుకు మాత్రం నెల తప్పకుండా రంగు వేసుకునేవారు. చెవుల పైన ఆ రంగు నల్లగా అంటుకుని రెండు రోజులు పోయేది కాదు. మేం నవ్వుకుంటే ఆయనకు తెలిసేది. “నవ్వుకోండి. మీకూ వస్తాది ఈ వయసు” అనేవారు.

రెండు వేళ్లతో టైపు చేసేవారు. పట్టిక కోసం ఆఖరి బటన్ నొక్కే ముందు కుడిచేతిని ప్యాంటుకు తుడుచుకునేవారు. నొక్కీ నొక్కగానే తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టేవారు. పక్కన ఎవరుంటే వాళ్లను అడిగేవారు.

“చెప్పు. ఎంతుంటాది?”

“నాకేం తెలుసు సార్, మీరు చెయ్యి తీస్తే కదా.”

“తెలియకుంటేనే చెప్పల్ల. ముందు నువ్వొక అంకె అనుకోకుంటే, వచ్చిన అంకె తప్పో ఒప్పో నీకెట్ల తెలుస్తాది?”

మేం ఏదో ఒకటి చెప్పేదాకా చెయ్యి తీసేవారు కాదు. మేనేజర్ వచ్చి నిలబడినా అంతే. ఆయన్ను కూడా అడిగేవారు. మేనేజర్ విసుక్కునేవాడు.

సగటు అనే మాట ఆయనకు గిట్టేది కాదు. పైవాళ్లు అడిగితే తీసిచ్చేవారు గానీ, పక్కనే ఇరవై ఐదు, యాభై, డెబ్బై ఐదు అని మూడు గళ్లు తానుగా పెట్టేవారు. “నూరు మందిని తక్కువ నుంచి ఎక్కువకు వరసగా నిలబెట్టు. ఇరవై ఐదో మనిషి కాడ ఆగి అడుగు. యాభయ్యో మనిషి కాడ ఆగి అడుగు. డెబ్బై ఐదో మనిషి కాడ ఆగి అడుగు. అప్పుడు తెలుస్తాది ఊరి సంగతి. సగటు అంటే ఎవురూ కాని మనిషి. ఆ మనిషి ఏ ఇంట్లోనూ ఉండడు” అనేవారు.

ఒకసారి కడప వైపు పిల్లలు బడికి ఎంతసేపు నడుస్తారన్న సర్వేలో, వందలో తొంభై ఐదో స్థానం కాడ తొమ్మిది వందల తొంభై తొమ్మిది నిమిషాలని వచ్చింది. గదిలో అందరం పగలబడి నవ్వాం. పిల్లలు పదహారు గంటలు నడిచి బడికి పోతున్నారని. విషయమేమిటంటే, ‘తెలియదు’ అన్నవాళ్లకు ఫారంలో 999 అని వేస్తాం. అది అంకె కాదు, గుర్తు మాత్రమే. దాన్ని లెక్కలోంచి తీసెయ్యమని ముందే చెప్పకపోతే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అన్నింటికన్నా పెద్ద అంకె అనుకుని వరుస చివర నిలబెడుతుంది. ఆ రోజు ఎక్కించింది ఆయన కాదు, కొత్తగా చేరిన ఆపరేటర్. అయినా టేబుల్ సార్ నవ్వలేదు. ఆ కోడ్‌ను తీసేసి మళ్లీ బటన్ నొక్కారు. ముప్పై ఎనిమిది వచ్చింది. “తెలీదన్నోళ్లను తీస్కపొయ్యి అడివిలో నిలబెడితిమి గదప్పా” అన్నారు ఆ ఆపరేటర్‌తో. కోపంగా కాదు. నిజంగా ఎవరినో దారి తప్పించినట్టు బాధపడ్డారు.

సున్నాతోనూ ఐదుతోనూ ముగిసే అంకెలంటే ఆయనకు అనుమానం. మేం ఊళ్లలో ఉంటే ఫోన్ చేసేవారు. మొదటి మాట ఎప్పుడూ “ఏం తిన్నావు?” రెండో మాట, “అద్దగంట అద్దగంట అని రాయాకండి పాపా. వాళ్లు అద్దగంట అంటే నువ్వు ఇంగోటి అడుగు. పొయ్యేటప్పుడు పొయ్యి మీద ఏముండె, తిరిగొచ్చేసరికి ఏమాయె అని అడుగు.”

నేను అవును సార్ అవును సార్ అనేదాన్ని.

ఎనిమిదేళ్ల కిందటి వేసవిలో నీళ్ల సర్వే వచ్చింది. పడమటి వైపు, ఆలూరు చుట్టుపక్కల అరవై ఊళ్లు. ఊరికి నలభై ఇళ్లు. ఒక్క బిందె నీళ్లు తేవడానికి పోయి, వరుసలో నిలబడి, తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందన్నది అసలు ప్రశ్న. సర్వే చేయించుకుంటున్న సంస్థ ఆ అంకెల్ని బట్టే ట్యాంకర్లు పంపే ఊళ్ల జాబితా వేస్తుంది. డెబ్బై ఐదో స్థానం కాడ గంట దాటిన ఊరికి ట్యాంకర్. గంట లోపుంటే లేదు.

నాకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నాకు వచ్చిన ఊళ్లలో ఒకదానిలో రెండు రోజుల్లో నలభై ఇళ్లు పూర్తి చేయాలి. మొదటి రోజు పన్నెండు ఇళ్లు చేశాను. మూడిళ్లలో సొంత బోర్లు. మిగిలిన తొమ్మిదింట్లో ఆడవాళ్లు ఎనభై అనీ, నూట పది అనీ చెప్పారు. రెండో రోజు పోతే ఏ ఇంటికి పోయినా తాళం. తలుపు తీసి ఉన్న ఇంట్లో ముసలివాళ్లు, చంటిపిల్లలు. “యాడికి పొయినారు?” అంటే “నీళ్లకు” అంటారు. మళ్లీ పోతే మళ్లీ నీళ్లకే. నడినెత్తిన ఎండ. నాకు ఆ రోజు కడుపునొప్పి. మూడింటికి ఆఖరి బస్సు. బడి వరండాలో కూర్చుని ఇరవై ఎనిమిది ఫారాలు నేనే నింపేశాను. నీళ్ల ప్రశ్న కాడ ముప్పై, ముప్పై, ముప్పై. మధ్యలో రెండు చోట్ల మాత్రం ఇరవై ఐదు వేశాను, ఎవరికీ అనుమానం రాకూడదని.

అరవై ఊళ్ల పట్టికా ఒకే రోజు పంపాలని మేనేజర్ ఆయన కుర్చీ వెనకే నిలబడి తొందరపెట్టాడు. ఆ రోజు ఒక్కో ఊరూ విడిగా చూసే తీరిక ఆయనకు దొరకలేదు. పట్టిక వెళ్లిపోయింది. రెండు రోజుల తరవాత, అందరూ భోజనాలకు పోయిన వేళ, నన్ను ఉండమన్నారు.

వరండాలోకి పిలిచారు. చూస్తే నేల మీద గోడ వెంబడి నా ఊరి నలభై ఫారాలు వరసగా పరిచి ఉన్నాయి. గాలికి ఎగరకుండా ఫ్యాన్ ఆపేశారు. ఆయన చొక్కా వీపున తడిసిపోయింది. వంగి వంగి పరిచినందుకు ఆయాసం ఇంకా తగ్గలేదు.

“తక్కువ నుంచి ఎక్కువకు పెట్టినా” అన్నారు. “నువ్వు నేర్చుకుంటానంటివి గదా, ఇది ఎట్ల తీస్తారో. నడువు. పదో కాయితానికీ పదకొండో కాయితానికీ నడుమ నిలబడు.”

నిలబడ్డాను.

“అది ఇరవై ఐదు. ఎంతుండాది?”

“ముప్పై సార్.”

“ఇంగ నడువు. ఇరవైకీ ఇరవై ఒకటికీ నడుమ. ఎంత?”

“ముప్పై.”

“నడువు. ముప్పయ్యో కాయితం, ముప్పై ఒకటో కాయితం. అది డెబ్బై ఐదు. అదెంత?”

ఆయనే చెప్పారు. “ముప్పై. మూడు చోట్లా ముప్పై. బాగుండాది. ఇంగొక అడుగు ఎయ్యి. ముప్పై రెండో కాయితం చూడు.”

ఎనభై.

“ముప్పై కాడి నుంచి ఎనభైకి ఎగిరిరి. నడుమ యాడా ఒక్క మనిషి గూడా లేదా పాపా ఆ ఊర్లో?”

నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను. తాళాలన్నాను, కడుపునొప్పి అన్నాను, బస్సు అన్నాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు కూడా. గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుని, ఫారాలు ఒక్కొక్కటే తీసుకుంటూ అడిగారు. “ఎన్ని నిజం?”

“పన్నెండు సార్.”

“ఇరవై ఎనిమిది కాదు?”

“కాదు.”

అప్పుడు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. “తాళం ఏసిపెట్టి నీళ్లకు పొయినోళ్లే గదా పాపా మనకు కావల్సినోళ్లు. ఇంట్లో కూసోని నీకు జవాబు చెప్పినోళ్లకు నీళ్లు అంతో ఇంతో దగ్గర. నీకు దొరకనోళ్లకు దూరం. నువ్వు ఇడిసిపెట్టి వచ్చింది వాళ్లనే.”

మేనేజర్‌కు చెబుతారేమో అనుకున్నాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు. బీరువాలోంచి ఇరవై ఎనిమిది ఖాళీ ఫారాలు తీసి నా చేతికిచ్చారు. పాతవి నన్నే చించమన్నారు. “ఆదివారం ఐదున్నర బస్సుకు రా. నేనూ వస్తా.”

“మీరెందుకు సార్, ఈ ఎండలో? నేను పోతాను.”

“చూడకుండా పంపినోన్ని నేను గదా” అన్నారు.

మూడు ఆదివారాలు పోయాం. మొదటిసారి తొమ్మిది ఫారాలు, తరవాత పది, ఆ తరవాత తొమ్మిది. ఆయన ఇళ్లకు పోనివ్వలేదు. నేరుగా నీళ్ల కాడికే తీసుకుపోయారు. ఊరికి చాలా దూరంలో ఒక రైతు బోరు. కరెంటు ఉన్నంతసేపే నీళ్లు. కంచె చెట్ల నీడలో నలభై యాభై బిందెలు వరసగా ఉన్నాయి. మనుషులు లేని బిందెలు కూడా వరుసలో తమ చోటు వదులుకోకుండా నిలబడి ఉన్నాయి. టేబుల్ సార్ రుమాలు తలమీద వేసుకుని ఒక రాతి మీద కూర్చున్నారు. ఆడవాళ్లు మొదట మాట్లాడలేదు. ఒకామె మాత్రం, “ఏమప్పా, ఓట్లకొచ్చినారా?” అంది.

“ఓట్లు కాదమ్మా. నీళ్లకు ఎంతసేపు పడతాదో రాసుకునేకి వచ్చినాం.”

“దాన్ని నన్నడిగితే ఏం తెలుస్తాది? కరెంటునడుగుపో” అంది ఆమె. అందరూ నవ్వారు. ఆయన అందరికన్నా గట్టిగా నవ్వారు. ఆ తరవాత మాటలు సాగాయి.

ఆయన ఎవరినీ ‘ఎన్ని నిమిషాలు’ అని అడగలేదు. ఇంటి నుంచి బయల్దేరినప్పుడు ఎండ ఎక్కడుందని అడిగేవారు. పిల్లోనికి పాలిచ్చి వచ్చినావా, వాడు లేచేలోపల పోతావా అని అడిగేవారు. చేతి గడియారం చూసి ఒక అంకె చెప్పేవారు, నేను రాసుకునేదాన్ని. నలభై ఏడు. తొంభై ఆరు. నూట ముప్పై మూడు. ఒక్కటీ సున్నాతో ముగియలేదు.

మూడో ఆదివారం ఆఖరి ఫారం ఒక పెద్దామెది. ఒంటరి మనిషి. నిండు బిందె మోయలేదు. అర బిందె నింపుకుని, ఒక వంద అడుగులు వేసి, దింపి, కూర్చుని, మళ్లీ లేస్తుంది. టేబుల్ సార్ ఆమెతో పాటు ఇంటిదాకా నడుస్తానన్నారు. నేను వద్దన్నాను. ఆమె కూడా వద్దంది. “నీకే ఆయాసమొస్తాంది నాయనా, నువ్వు యాడ నడుస్తావు?”

“నువ్వు కూసున్న చోటంతా నేనూ కూసుంటాలేమ్మా” అన్నారు.

అట్లాగే నడిచారు. నేను వెనకాల. బిందె నేను తీసుకోబోతే ఆయన కళ్లతోనే వారించారు. లెక్క తప్పుతుందని. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు కోపం వచ్చింది. దారిలో ఇద్దరూ పదకొండు చోట్ల కూర్చున్నారు. ఆమె తన ఇద్దరు కొడుకుల గురించి చెప్పింది. పనుల కోసం బెంగళూరు పోయినవాళ్లు వానలకు వస్తారంది. దుడ్లు పంపుతారు గానీ నీళ్లు పంపలేరు కదా అని తనే నవ్వింది. ఇల్లు చేరాక టేబుల్ సార్ అరుగు మీద కూలబడి, గడియారం చూసి, “రెండు నూర్ల పద్నాలుగు” అన్నారు. ఆయన పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఆ ముసలామె తాను తెచ్చిన అర బిందెలోంచి ఒక చెంబు ముంచి ఆయనకిచ్చింది. ఆయన తీసుకోలేదు. ఆమె వదల్లేదు. చివరికి రెండు గుక్కలు తాగి, మిగిలింది జాగ్రత్తగా మళ్లీ బిందెలోనే పోశారు.

సోమవారం ఫారాలు ఎక్కించి బటన్ నొక్కారు. అరచెయ్యి తెర మీద పెట్టారు. “చెప్పు.”

“యాభై, తొంభై, నూట నలభై” అన్నాను.

చెయ్యి తీశారు. నలభై ఏడు. తొంభై రెండు. నూట ముప్పై ఎనిమిది. “ముగ్గురూ మూడు చోట్ల నిలబడినారు చూడు” అన్నారు. ఆ రోజు ఆయన మొహంలో చూసిన సంతోషం మళ్లీ ఒక్కసారి మాత్రమే చూశాను. ఆ మాట తరవాత చెబుతాను.

సవరించిన పట్టిక పంపిన వారానికి, సర్వే చేయించుకున్న సంస్థ సంజాయిషీ అడిగింది. ఒక ఊళ్లో ముప్పై ఉన్న అంకె నెల తిరక్కుండా నూట ముప్పై ఎనిమిది ఎట్లా అయిందని. మేనేజర్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

“ఏమిటిది? మన పరువేం కావాలి?” అన్నాడు.

టేబుల్ సార్ నా వైపు చూడలేదు. “నా తప్పే సార్. తప్పు కాలమ్ పెట్టినా. పొయ్యే టైము కాలమ్ ఒకటే పెట్టినా. పొయ్యి వచ్చేది మొత్తం పెట్టల్సింది.”

“ఒక్క ఊరికే ఎట్లా వస్తుందయ్యా తప్పు కాలమ్?”

“ఆ ఊరి ఫైలు విడిగా ఎక్కించినా సార్. ఆడ కాలమ్ పేర్లు తారుమారైనాయి.”

“ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నావు ఈ పని!”

“అవును సార్.”

ఆయన ఎంత సిగ్గుపడ్డారో నాకు తెలుసు. కాలమ్ పేరు మూడుసార్లు చదివితే గానీ బటన్ మీద వేలు పెట్టని మనిషి. మేనేజర్ నా వైపు తిరిగాడు. “నీ ఫారాలు సరిగ్గానే ఉన్నాయా?”

“ఉన్నాయి సార్” అన్నాను.

అది అబద్ధం కాదు. అప్పటికి ఉన్న ఫారాలన్నీ సరైనవే. ఈ ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లో నాకు నేను ఆ మాట చెప్పుకున్నాను. ఒక్కసారీ దానివల్ల ఊరట కలగలేదు.

బయటికి వచ్చాక ఆయన వెంటపడ్డాను. చెప్పేస్తాను సార్, ఇప్పుడే పోయి చెప్పేస్తాను అన్నాను. మెట్ల కాడ ఆగారు. “చెప్తే ఏమైతాది? నీ పని పోతాది. నేను చెప్పింది అబద్ధమని నన్నూ పంపిస్తారు. ఒకరు పొయ్యే కాడ ఇద్దురు పోవల్నా?” అన్నారు. నేను అక్కడే ఉండిపోయాను. నిజం చెప్పాలంటే, ఆయన వద్దన్నందుకు నా గుండెల మీద బరువు దిగింది. అది ఆయనకు కనిపించే ఉంటుంది. నా భుజం తట్టి, “పోయి అన్నం తిను” అన్నారు.

ఆ జూన్‌లో ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. పోయే ముందు రెండు వారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సాఫ్ట్‌వేర్ మొత్తం నేర్పించారు. అంకెలను ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాలని, ‘పదిహేను నుంచి ముప్పై’ అంటూ గుంపులు కట్టకూడదని చెప్పారు. గుంపు కట్టినాక లోపల ఎవరు ఎక్కడున్నారో సాఫ్ట్‌వేర్ అందాజుగా చెప్పాల్సిందే, దానికి కనపడదు అన్నారు. ఆఖరి రోజు చెవుల మీద కొత్తగా వేసిన రంగుతో వచ్చారు. అందరితో చేతులు కలిపి, ఒక సంచీలో తన స్టీలు గ్లాసు వేసుకుని, సొంతూరు కమలాపురం బస్సెక్కారు. ఆయన కుర్చీ నాకిచ్చారు.

ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నెలలోనే, సవరించిన పట్టికకు ఆ సంస్థ పంపిన జవాబు నా చేతికి అందింది. ట్యాంకర్ల జాబితా ఖాయమైపోయింది, ఆ ఊరిని వచ్చే ఏడాది పరిశీలిస్తాం అని. ఆ మరుసటి ఏడాది సర్వే వేరే మండలానికి మారింది. ఆ ఊరిని ఎవరూ పరిశీలించలేదు.

రెండేళ్ల తరవాత ఏదో పని మీద కడప పోయి, అక్కడి నుంచి కమలాపురం పోయాను. ఆయన చిక్కిపోయారు. జుట్టుకు రంగు లేదు. పొద్దునా సాయంత్రం ఊరి పాల కేంద్రంలో కూర్చుని పాలలో వెన్న శాతం చూసి చెబుతున్నానన్నారు. “అంకెలే గదా, ఏవైతేనేం” అన్నారు. ఏం తిన్నావని అడిగారు. ఆ తరవాత నేను భయపడుతున్న మాటే అడిగారు.

“ఆ ఊరికి ట్యాంకరు పొయ్యిందా పాపా?”

రాలేదని చెప్పాలనే పోయాను. దారి పొడుగునా ఆ వాక్యమే కూర్చుకుంటూ పోయాను. ఆయన మంచం అంచున ముందుకు వంగి, నా నోటి వైపు చూస్తున్నారు.

“పోయింది సార్” అన్నాను.

“ఎన్ని తూర్లు?”

“రోజుకు మూడు.”

“ఆ పెద్దామె? రెండు నూర్ల పద్నాలుగామె?”

“ట్యాంకర్ ఆమె వీధి చివరే ఆగుతుంది సార్. ఇప్పుడు ఆమెకు పది నిమిషాలు.”

పది. సున్నాతో ముగిసే అంకె. ఆయన పట్టుకుంటారేమో అనుకున్నాను. పట్టుకోలేదు. రెండోసారి చూశానని చెప్పానే, ఆ సంతోషం అదే. లోపలికి తిరిగి గట్టిగా పిలిచారు. “ఇన్నావా మే! మా ఊరికి నీళ్లొచ్చినాయంట!” ఆయన ఆ ఊరిని ‘మా ఊరు’ అన్నారు. వాళ్లావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ పూట అన్నం తిననిదే పోనివ్వలేదు. తిరుగు బస్సులో కడప వచ్చేదాకా తలెత్తలేదు నేను. మళ్లీ కమలాపురం పోలేదు. ఫోన్ చేస్తే ఒకటి రెండు మాటలు మాట్లాడి పెట్టేసేదాన్ని. ప్రతిసారీ ఆ ఊరి సంగతి అడిగేవారు. ప్రతిసారీ బాగుంది సార్ అనేదాన్ని.

ఇప్పుడు ఆయన పోయిన పదకొండో రోజుకు పోయాను. షామియానా కింద బంధువులు కూర్చుని ఉన్నారు. వాళ్లావిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒక పెద్దాయనకు చూపించింది. “ఈ పాపే మామా. ఆ ఆలూరు పక్క ఊరికి నీళ్లు తెప్పించిన పాప. మా ఆయప్పా, ఈ పాపా ఎండల్లో తిరిగి రాసుకొచ్చినారు. ఉద్యోగం పోతే పోయె, ఊరికి నీళ్లొచ్చె గదా అనేటోడు. పాల కేంద్రంలో గూడా వచ్చినోళ్లకంతా అదే చెప్పేటోడు.” ఆ పెద్దాయన నాకు దణ్ణం పెట్టాడు.

భోజనాలయ్యాయి. మధ్యాహ్నానికి అందరూ పోయారు. నేను విస్తళ్లు ఎత్తి, వాకిలి ఊడ్చాను. ఆమె వసారాలో గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది.

“ఈ ఎండలకు గూడా వస్తానే ఉండాదా పాపా, ఆ ఊరికి ట్యాంకరు?” అంది. ఊరికే అడిగింది, మాటకు మాటగా.

నాకు ఇక చేతకాలేదు. “రాలేదమ్మా” అన్నాను. “ఒక్క తూరి కూడా రాలేదు.”

మొత్తం చెప్పాను. బడి వరండా, ముప్పైలు, నేల మీద పరిచిన ఫారాలు, మేనేజర్ గది, తప్పు కాలమ్. తప్పు ఆయనది కాదని. ఆయన ఉద్యోగం పోయింది నా వల్లనేనని. నేను మళ్లీ వచ్చి, ఆయన మొహం చూసి, మళ్లీ అబద్ధం చెప్పానని. చెబుతున్నంతసేపూ ఆమె అడ్డు రాలేదు. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను.

ఆమె చాపిన కాళ్లు మెల్లగా ముడుచుకుంది. కొంగు తీసి మొహం తుడుచుకుని, అట్లాగే నోటికి అడ్డం పెట్టుకుంది. అడిగింది.

“ఆయప్పకు చెప్పినావా ఇది?”

“లేదమ్మా. చెప్పలేకపోయాను.”

ఆమె తల తిప్పి లోపలి గది వైపు చూసింది. ఆయన మంచం అక్కడే ఉంది. తరవాత నా చెయ్యి గట్టిగా పట్టుకుని, లోపలికి వినపడుతుందేమోనన్నట్టు మెల్లగా చెప్పింది.

“చెప్పాకు పాపా.”